షుగర్ లెక్క వేరు, గుండె లెక్క వేరు

మధుమేహం ఉన్నవారిని గుండె ఎలా ఉందని అడిగితే చాలామంది షుగర్ అంకె చెబుతారు. మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఏడు శాతం లోపే ఉంది కాబట్టి భయం లేదంటారు. ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది, కానీ దాని మీద ధీమాగా కూర్చునేంత లేదు. మధుమేహం లేనివారితో పోలిస్తే ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు సుమారు రెండింతలు. ఆ ముప్పు ఒక్క షుగర్ వల్లే రాదు. రక్తంలోని కొవ్వు రేణువుల తీరు మారుతుంది, మూత్రపిండాల వడపోత చెడుతుంది, రక్తనాళాల గోడల్లో వాపు సాగుతుంది, గుండె కండరం నెమ్మదిగా బిరుసెక్కుతుంది. వీటిలో ప్రతిదీ రక్తంలో ఏదో ఒక జాడ వదులుతుంది. ల్యాబ్ రిపోర్టు నాలుగు పేజీలు ఉండటానికి కారణం అదే. ఆ పేజీలు చదివినా ఏమీ తేలకపోవడానికీ అదే కారణం.

రిపోర్టులోని అంకెలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని జబ్బుకు కారణాలు: అవి రక్తనాళాన్ని నేరుగా పాడుచేస్తాయి కాబట్టి వాటిని తగ్గిస్తే ముప్పు తగ్గుతుంది. కొన్ని జరిగిన నష్టానికి ఆనవాళ్లు: అవి ముప్పును బాగానే పసిగడతాయి, అయితే మందు వేసి ఆ అంకెను తగ్గించాలనుకోవడం అర్థం లేని పని. ఇంకొన్ని కారణంతో కలిసి తిరిగేవి మాత్రమే. ఈ మూడింటినీ కలిపేసినందువల్ల రోగులే కాదు, పెద్ద పెద్ద మందుల కంపెనీలు కూడా దెబ్బతిన్నాయి.

ముందు షుగర్ సంగతి

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా రక్తంలోని గ్లూకోజు దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ ఉంటుంది. ఎంత శాతం అంటుకుందో చెప్పేదే హెచ్‌బీఏ1సీ, అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు. కళ్లు, మూత్రపిండాలు, నరాల విషయంలో దీనికి మించిన సూచిక లేదు. గుండె దగ్గరికి వచ్చేసరికి దాని పట్టు సడలుతుంది. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం సమాచారాన్ని 2000లో విశ్లేషించినప్పుడు, హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువగా ఉన్నవారిలో చిన్న రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయి. గుండెపోట్లు 14 శాతమే తక్కువ.

అయితే షుగర్‌ను ఇంకా గట్టిగా, ఆరు శాతం లోపుకు దించితే గుండెకు మరింత మేలు జరగాలి కదా? ఇదే ప్రశ్నతో అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా మధుమేహులతో అకార్డ్ పరిశోధన నడిచింది. 2008లో ఆ గట్టి చికిత్సను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ వర్గంలో మరణాలు పెరిగాయి: 257 మంది చనిపోగా, మామూలు చికిత్స పొందిన వర్గంలో 203 మంది చనిపోయారు. ఏడేళ్ల తర్వాత ఎంపారెగ్ పరిశోధన దీనికి రెండో ముఖం చూపించింది. అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్న మధుమేహులకు ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు ఇస్తే గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. రెండు వర్గాల మధ్య హెచ్‌బీఏ1సీ తేడా చూస్తే, చివరికి అర శాతం కూడా లేదు. మొదటి పరిశోధనలో షుగర్ బాగా తగ్గింది, ప్రాణాలు దక్కలేదు. రెండోదానిలో షుగర్ కాస్తే తగ్గింది, ప్రాణాలు దక్కాయి.

దీన్ని చూసి షుగర్‌ను వదిలేయవచ్చని అనుకునేవారూ ఉంటారు, అది మరో పొరపాటు. యూకేపీడీఎస్‌లో జబ్బు బయటపడిన తొలినాళ్ల నుంచే షుగర్ అదుపు చేసుకున్నవారిలో పదేళ్ల తర్వాత గుండెపోట్లు తగ్గినట్టు తేలింది. తొలినాళ్ల అదుపు ఫలం ఆలస్యంగా అందుతుంది. హెచ్‌బీఏ1సీకి మరో బలహీనత కూడా ఉంది. అది ఎర్రకణం ఆయుష్షు మీద ఆధారపడింది కాబట్టి, కణాలు త్వరగా నశించే రక్తహీనతల్లో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఇనుము లోపంలో ఎక్కువ చూపించవచ్చు.

ఎల్‌డీఎల్ బాగుందన్న మాట

మధుమేహుల్లో ఎక్కువ మోసం జరిగేది లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష దగ్గరే. చెడ్డ కొలెస్టరాల్ అని పేరున్న ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ మామూలుగా ఉందని రిపోర్టు చెబుతుంది, అయినా గుండెపోటు వస్తుంది. దీని వెనుక ఒక యంత్రాంగం ఉంది.

ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు శరీరంలోని కొవ్వు నిల్వల నుంచి కొవ్వు ఆమ్లాలు ఎడతెగకుండా కాలేయానికి చేరుతుంటాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి, వీఎల్‌డీఎల్ అనే రేణువుల్లో నింపి రక్తంలోకి పంపుతుంది. ఇవి రక్తంలో ఎక్కువయ్యాక ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రేణువులతో సరుకు మార్చుకుంటాయి: ట్రైగ్లిజరైడ్లు ఇచ్చి కొలెస్టరాల్ పుచ్చుకుంటాయి. అలా ట్రైగ్లిజరైడ్లు నిండిన ఎల్‌డీఎల్ రేణువును కాలేయపు ఎంజైము చెక్కేస్తే, అది చిన్నదిగా, చిక్కగా తయారవుతుంది. హెచ్‌డీఎల్ కూడా ఇలాగే కుంచించుకుపోయి త్వరగా రక్తంలోంచి తొలగిపోతుంది. మధుమేహుల రిపోర్టుల్లో పదేపదే కనిపించే జోడీ, పెరిగిన ట్రైగ్లిజరైడ్లు, తగ్గిన హెచ్‌డీఎల్, ఇలా పుట్టిందే.

ఇక్కడే చిక్కు ఉంది. ల్యాబ్ కొలిచేది ఎల్‌డీఎల్ రేణువులు మోస్తున్న కొలెస్టరాల్‌ను. రేణువులు చిన్నవైతే ఒక్కోదానిలో కొలెస్టరాల్ తక్కువే ఉంటుంది. కాబట్టి రేణువులు పెరిగినా మొత్తం కొలెస్టరాల్ అంకె కదలకుండా ఉండిపోవచ్చు. గోదాములో సరుకు బరువు చెప్పి మూటలెన్నో చెప్పకపోవడం లాంటిది ఇది. ధమని గోడలోకి దూరి ఇరుక్కునేది రేణువు కాబట్టి, మనకు కావలసింది వాటి సంఖ్య.

పైగా చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగడతాయి. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. అంతకు లోపున కూడా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవారిలో అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మధుమేహుల్లో సరిగ్గా అలాంటి రక్తమే ఎక్కువ. 2013లో వచ్చిన మార్టిన్-హాప్‌కిన్స్ పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది, కానీ పాత సూత్రం ఇంకా చాలాచోట్ల నడుస్తూనే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములు. మొదటి వ్యక్తికి మొత్తం కొలెస్టరాల్ 165, హెచ్‌డీఎల్ 50, ట్రైగ్లిజరైడ్లు 75. రెండో వ్యక్తికి మొత్తం 180, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 225. సూత్రం వేస్తే ఇద్దరికీ ఎల్‌డీఎల్ సరిగ్గా 100. ఇప్పుడు మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కదాన్నే తీసేయండి. మొదటివారికి 115 వస్తుంది, రెండోవారికి 145. దీన్నే నాన్-హెచ్‌డీఎల్ కొలెస్టరాల్ అంటారు. ధమనులను పాడుచేసే రేణువులన్నింటిలోని కొలెస్టరాల్ ఇందులోకి వస్తుంది. దీనికి పరగడుపున ఉండాల్సిన పనిలేదు, అదనపు పరీక్ష అక్కరలేదు, రిపోర్టులో ఇప్పటికే ఉన్న రెండు అంకెల మధ్య తీసివేత చాలు. ఇంత తేలికైన లెక్కను ఇన్నాళ్లూ ఇంతగా పట్టించుకోకపోవడం నాకు విచిత్రంగానే ఉంటుంది.

రేణువుల సంఖ్యనే కావాలంటే అపోబీ అనే ప్రొటీన్‌ను కొలుస్తారు. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ వంటి ప్రతి హానికర రేణువుకూ ఒకటంటే ఒక్కటే అపోబీ ఉంటుంది కాబట్టి దాన్ని కొలిస్తే రేణువులను లెక్కపెట్టినట్టే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న మధుమేహులకు ఈ పరీక్ష నిజంగా కొత్త సమాచారం ఇస్తుంది. ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం ముప్పు చాలా ఎక్కువగా ఉన్నవారిలో ఎల్‌డీఎల్ 55 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 85 లోపు, అపోబీ 65 లోపు ఉండాలి. దానికి ఒక మెట్టు కింద ఉన్నవారికి ఈ హద్దులు వరుసగా 70, 100, 80.

రేణువులు జబ్బుకు కారణాలేనా, లేక ఆనవాళ్లా? దీనికి జవాబు దొరికింది. కార్డ్స్ పరిశోధనలో గుండెజబ్బు లేని, ఎల్‌డీఎల్ మరీ ఎక్కువగా లేని 2,838 మంది మధుమేహుల్లో సగం మందికి రోజుకు పది మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ ఇచ్చారు, ఇది కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ జాతి మందు. గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన సంఘటనలు 37 శాతం తగ్గాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అనుకున్నదానికంటే రెండేళ్ల ముందే ఆపేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఎల్‌డీఎల్ మామూలుగానే ఉన్నా డాక్టరు స్టాటిన్ ఎందుకు రాశారని అడిగేవారికి సమాధానం ఇదే.

అంకె మారినా ముప్పు మారని కథలు

రిపోర్టులో ఎర్రగా, లావుగా అచ్చుపడేది సాధారణంగా ట్రైగ్లిజరైడ్ల అంకె. దాన్ని తగ్గిస్తే గుండె బాగుపడుతుందా? ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్న పదివేల మందికి పైగా మధుమేహులకు పెమాఫైబ్రేట్ అనే మందు ఇచ్చి చూశారు. 2022లో వెలువడిన ఈ ప్రామినెంట్ పరిశోధనలో ట్రైగ్లిజరైడ్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి, గుండె సంఘటనలు మాత్రం తగ్గలేదు. గమనిస్తే, ఆ మందుతో అపోబీ తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. రేణువుల్లోని సరుకు తగ్గింది కానీ రేణువులు అలాగే ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటి పైపైకి వెళితే క్లోమం వాచే ప్రమాదం ఉంది, అప్పుడు వాటిని తగ్గించడం తప్పనిసరి. అది క్లోమాన్ని కాపాడుకోవడానికి.

హెచ్‌డీఎల్‌ది ఇంకా చేదు అనుభవం. మంచి కొలెస్టరాల్ అని పేరు పడ్డాక దాన్ని పెంచితే చాలనుకున్నారు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను 70 శాతానికి పైగా పెంచింది. దాన్ని వాడినవారిలో మరణాలు కూడా పెరగడంతో 2006లో పరిశోధనను ఆపేశారు. హెచ్‌డీఎల్‌ను పెంచే మరో మందు నియాసిన్‌తో చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. తక్కువ హెచ్‌డీఎల్ ముప్పుకు ఆనవాలే, కానీ దాన్ని పైకి లాగినంత మాత్రాన ముప్పు కిందికి దిగదు.

ప్యాకేజీ పరీక్షల్లో తరచుగా చేర్చే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లానిది కూడా ఇదే వరుస. ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లతో అది చక్కగా తగ్గుతుంది. దానివల్ల గుండెపోట్లు తగ్గలేదని 2006లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. గుండె ముప్పు కోసమని ఆ పరీక్ష చేయించుకోవడం నా దృష్టిలో దండగ.

వాపును సూచించే హెచ్‌ఎస్-సీఆర్‌పీ సంగతి ఇంత సూటిగా తేలదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, మూడు దాటితే ఎక్కువ అంటారు. సీఆర్‌పీ దానంతటది ధమనిని పాడుచేయదు, లోపల రగులుతున్న వాపును చూపిస్తుంది. ఆ వాపు మాత్రం నిజమైన కారణమే. 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో కానకినుమాబ్ అనే మందు కొలెస్టరాల్‌ను కదిలించకుండా వాపును మాత్రమే తగ్గించి, గుండె సంఘటనలను 15 శాతం తగ్గించింది. దానితోపాటే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి, అందుకే అది మామూలు చికిత్సగా మారలేదు. స్థూలకాయం ఉన్న మధుమేహుల్లో సీఆర్‌పీ ఎలాగూ కొంత ఎక్కువే ఉంటుంది. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా పెరుగుతుంది. పది దాటితే ఆ అంకెను గుండెకు అంటగట్టకూడదు, ఒంట్లో ఇంకెక్కడో ఏదో జరుగుతోందని అర్థం.

లైపోప్రొటీన్-ఎ పరీక్ష గురించి ఎక్కువమందికి తెలియదు, తెలిసి ఉంటే బాగుండేది. నార్వే శాస్త్రవేత్త కారె బెర్గ్ 1963లో దీన్ని గుర్తించారు. ఇది ఎల్‌డీఎల్ లాంటి రేణువే, పైన మరో ప్రొటీన్ అతుక్కుని ఉంటుంది. రక్తంలో దీని మోతాదు దాదాపు పూర్తిగా జన్యువులను బట్టే ఉంటుంది. ఆహారం, వ్యాయామం దాన్ని పెద్దగా మార్చలేవు. అందుకే జీవితంలో ఒక్కసారి కొలిస్తే సాధారణంగా సరిపోతుంది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ ఉన్నట్టు లెక్క. దాన్ని తగ్గించే చికిత్స చేతిలో లేనప్పుడు కొలవడం ఎందుకన్న ప్రశ్న సబబైనదే. అది ఎక్కువని తెలిస్తే, తగ్గించగలిగిన ఎల్‌డీఎల్, రక్తపోటు, పొగాకు విషయంలో డాక్టరు మరింత పట్టుదలగా ఉంటారు. రక్తసంబంధీకులకు కూడా పరీక్ష చేయించాలని తెలుస్తుంది.

గుండె కండరం నుంచి వచ్చే సంకేతాలు

ఇప్పటివరకు చెప్పినవన్నీ ధమనుల సంగతులు. మధుమేహం గుండెకు మరో దారిన కూడా హాని చేస్తుంది: ధమనులు మూసుకుపోకుండానే కండరం బిరుసెక్కి, రక్తాన్ని సరిగ్గా నింపుకోలేని, పంపలేని స్థితి వస్తుంది. అదే గుండె వైఫల్యం. ఆయాసం, కాళ్ల వాపు మొదలయ్యేదాకా ఇది బయటపడదు. బయటపడ్డాక వయసు మీద పడుతోందని సరిపెట్టుకునేవారు ఎక్కువ. లిపిడ్ ప్రొఫైల్ ఎన్నిసార్లు చేయించినా దీని జాడ దొరకదు.

దొరికేది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్షలో. గుండె గది గోడలు ఒత్తిడికి సాగినప్పుడు కండర కణాలు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. దాని తయారీలో విడిపోయే ముక్క ఇది. మధుమేహుల్లో గుండె ముప్పును మామూలు లెక్కలకంటే మెరుగ్గా పసిగట్టే కొత్త సూచికల్లో దీనికే ఆధారాలు బలంగా ఉన్నాయి. లక్షణాలు లేకపోయినా మధుమేహులకు ఏడాదికోసారి ఈ జాతి పరీక్ష గాని, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ను కొలిచే హై సెన్సిటివిటీ పరీక్ష గాని చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2022 నివేదిక సూచించింది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి హద్దు మిల్లీలీటరుకు 125 పీకోగ్రాములు. అది దాటితే ఎకోకార్డియోగ్రామ్, అంటే గుండె స్కానింగ్ తీయడం తర్వాతి అడుగు.

ఎక్కువ వచ్చిందని తెలిస్తే చేయగలిగిందేమైనా ఉందా? పాంటియాక్ అనే చిన్న పరిశోధన దీన్నే పరీక్షించింది. గుండెజబ్బు లేకపోయినా ఈ అంకె 125 దాటిన 300 మంది మధుమేహుల్లో సగం మందికి రక్తపోటు, గుండె మందుల మోతాదును గరిష్ఠ స్థాయికి పెంచారు. రెండేళ్లలో గుండె కారణాలతో ఆసుపత్రి పాలవడం, చనిపోవడం ఆ వర్గంలో 65 శాతం తగ్గాయి. చిన్న పరిశోధన కాబట్టి అంత పెద్ద శాతాన్ని యథాతథంగా నమ్మనవసరం లేదు. అయినా పరీక్ష ఫలితాన్ని బట్టి చికిత్స మార్చి మేలు చూపించిన అరుదైన ఉదాహరణ అది. ఈ అంకెను చదవడంలోనూ మెలకువలు ఉన్నాయి. వయసు పెరిగినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా అది పెరుగుతుంది. స్థూలకాయం ఉన్నవారిలో తక్కువ చూపిస్తుంది. అంటే లావుగా ఉన్న మధుమేహికి 110 వస్తే అది పూర్తి భరోసా కాదు.

ట్రోపోనిన్ అంటే గుండెపోటు నిర్ధారణకు చేసే పరీక్షగానే ఎక్కువమందికి తెలుసు. నేటి సున్నితమైన పద్ధతులు గుండెపోటు లేకుండానే కండరం కొద్దికొద్దిగా రాలుతున్న జాడను కూడా పట్టుకుంటాయి. మధుమేహం, స్థిరమైన గుండెజబ్బు రెండూ ఉన్న 2,285 మందిని పరిశీలిస్తే, ప్రతి పదిమందిలో నలుగురికి అది హద్దు దాటి ఉంది. ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణం వీరిలో 27 శాతం మందికి ఎదురయ్యాయి, మిగతావారిలో 13 శాతం మందికే. అయితే 2015లో ప్రచురితమైన ఆ విశ్లేషణలోనే మరో సంగతి ఉంది. ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్నవారికి వెంటనే స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా ఆ ముప్పు తగ్గలేదు. ఆనవాలు దొరకగానే ఆపరేషన్ బల్ల ఎక్కాలనుకునేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. ఛాతీలో నొప్పి, చెమటలతో వచ్చినవారిలో పెరిగిన ట్రోపోనిన్ సంగతి వేరు, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

మూత్రపిండాల వాంగ్మూలం

మధుమేహుల గుండె ముప్పు తెలుసుకోవడానికి ఒకే ఒక్క అదనపు పరీక్ష చేయించుకునే వీలుంటే, నేను ఎంచుకునేది రక్తపరీక్ష కాదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌కు, క్రియాటినిన్ అనే వ్యర్థానికి మధ్య నిష్పత్తి. మూత్రపిండాల వడపోత గోడల్లోంచి అల్బుమిన్ కారుతోందంటే, ఒంట్లోని ఇతర రక్తనాళాల లోపలి పొర కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీకే కాక గుండెకూ ముప్పు పెరిగినట్టు. రక్తంలోని క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే మూత్రపిండాల వడపోత వేగం, దీనికి జత. అది 60 కంటే తగ్గేకొద్దీ గుండె ముప్పు పెరుగుతుంది. రెండూ వేర్వేరుగా ముప్పును పెంచేవే, కాబట్టి క్రియాటినిన్ బాగుందని మూత్రపరీక్ష మానేయకూడదు. ఈ ఫలితాన్ని బట్టి రాయగలిగిన మందులు కూడా ఇప్పుడు ఉన్నాయి. వాటిలో కొన్ని కిడ్నీని, గుండెను రెండింటినీ కాపాడతాయని పరిశోధనల్లో రుజువైంది. జ్వరం, తీవ్రమైన వ్యాయామం, మూత్ర ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అల్బుమిన్ తాత్కాలికంగా పెరుగుతుంది, కాబట్టి మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడు నమూనాల్లో రెండింటిలోనైనా ఎక్కువ కనిపిస్తేనే నిర్ధారిస్తారు.

ఐరోపా నిపుణులు 2023లో తెచ్చిన స్కోర్2-డయాబెటిస్ అనే లెక్కలోకి ఏం తీసుకున్నారో చూస్తే ఈ గందరగోళం కొంత విడిపోతుంది. వయసు, లింగం, పొగతాగడం, రక్తపోటు, మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ, ఈజీఎఫ్‌ఆర్, మధుమేహం బయటపడినప్పటి వయసు. అన్నీ మామూలు పరీక్షలే. చివరిది ఏ ల్యాబూ కొలవలేనిది, కానీ నలభై ఏళ్లకు మధుమేహం వచ్చినవారికీ అరవై ఐదేళ్లకు వచ్చినవారికీ ముప్పులో పెద్ద తేడా ఉంటుంది. దాన్ని డాక్టరుకు చెప్పాల్సింది రోగే.

ఇక ఎప్పుడెప్పుడు చేయించుకోవాలన్నది. హెచ్‌బీఏ1సీ మూడు నుంచి ఆరు నెలలకోసారి. లిపిడ్ ప్రొఫైల్ స్టాటిన్ మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన నాలుగు నుంచి పన్నెండు వారాల్లో, ఆ తర్వాత ఏడాదికోసారి. అల్బుమిన్, ఈజీఎఫ్‌ఆర్ ఏడాదికోసారి, దెబ్బతిన్నట్టు తేలితే ఇంకా తరచుగా. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఏడాదికోసారి, ఆయాసం మొదలైతే వెంటనే. అపోబీ అందరికీ అక్కరలేదు, ట్రైగ్లిజరైడ్లు 200 దాటినవారికి అడిగి చేయించుకోదగినది. లైపోప్రొటీన్-ఎ ఒక్కసారి. ఒంట్లో బాగాలేని వారంలో సీఆర్‌పీ చేయించుకోకూడదు. స్టాటిన్ వాడుతుండగా ఎల్‌డీఎల్ హద్దు లోపుకు వచ్చిందంటే ఆ మందు పనిచేస్తోందని అర్థం, మందు ఇక ఆపేయవచ్చని కాదు.